రంగు వేసిన సాక్ష్యం

మా కాలనీలో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. ఒక ల్యాబ్ టెక్నీషియన్ పొరుగింటి కుర్రాడి ప్రాణం కోసం, తానే కుదిర్చిన పెళ్లి సంబంధం చెడిపోతుందని తెలిసి కూడా, డాక్టరమ్మను ఇంటికి పిలిపించి నిజం బయటపెట్టాడట. ఆ టెక్నీషియన్‌ని నేనే. కథలో డాక్టరమ్మ వచ్చినమాట నిజం. కుర్రాడు బతికినమాట నిజం. సంబంధం చెడినమాట మరీ నిజం. నేను పిలిచానన్నది మాత్రం అబద్ధం. నేనెవరినీ పిలవలేదు. అడిగినప్పుడు చెప్పవలసిన ఒక్క మాట చెప్పలేదు సరికదా, దానికి ఎదురు మాట చెప్పాను. తరువాత అందరూ పొగుడుతుంటే "అది నేను కాదు" అన్న మాట కూడా నోట్లోంచి రాలేదు. ఆ పొగడ్తతో పాటు వచ్చిన కొత్త చొక్కా కూడా తొడుక్కున్నాను.

ఇప్పుడు ఉద్యోగం లేదు. ముందస్తు రిటైర్‌మెంట్ స్కీమ్ వచ్చినప్పుడు బయటకు వచ్చేశాను. ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు కనిపించినప్పుడల్లా "అంకుల్, ఆ కథ చెప్పండి" అంటారు. ఈసారి సరిగ్గా చెబుతాను. వినండి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేను జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం పరీక్షలు చేసేవాణ్ణి. గోల్‌మురిలో క్వార్టరు. మా వరసలో సగం మంది మావాళ్లే, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడు పనికి వచ్చినవాళ్లు. ఆదివారం వచ్చిందంటే మా వరసలో రెండు పనులు తప్పవు. ఒకటి మటన్. రెండోది తలకు రంగు.

రంగు వేసేది నేనే. ల్యాబ్‌లో మందులు కలిపేవాడికి రంగు కలపడం ఒక లెక్కా అని మొదట ఒకాయన వచ్చాడు. ఆయన తల నిగనిగలాడటం చూసి మిగతావాళ్లు వచ్చారు. ఒక స్టీలు గిన్నె, పాత టూత్‌బ్రష్షు, మెడ పట్టేలా మధ్యలో కన్నం చేసిన హిందీ పేపరు, ఇవే నా పరికరాలు. ముందు గేటు చుట్టాలకి, వెనక గేటు రంగుకి. ఒకేసారి ఇద్దరు వస్తే, రెండోవాడు మా పెరట్లో జామచెట్టు కింద నిలబడి, కాయల కోసం వచ్చినట్టు పైకి చూసేవాడు. మొదటివాడు కూడా ఆ రెండోవాణ్ణి చూడనట్టే వెళ్లిపోయేవాడు. ఆ చెట్టు కాయలు కాయడం మానేసి అప్పటికే చాలా ఏళ్లయింది. అయినా దానికింత గిరాకీ ఎందుకో ఎవరూ అడగలేదు. నా తలకు కూడా నేనే వేసుకునేవాణ్ణి, మీసానికి కూడా.

పక్క క్వార్టర్లో ఒక తల్లి, ఇద్దరు కొడుకులు. పెద్దవాడు కార్ఖానాలో క్రేన్ ఆపరేటరు. అతన్ని క్రేన్ తమ్ముడు అంటాను. చిన్నవాణ్ణి ఇంట్లో పిలిచినట్టే చిన్నోడు అంటాను. వాళ్లకి ఒక అక్క ఉంది, రూర్కెలాలో కాపురం. తండ్రి నలభై దాటాక ఒంట్లో రక్తం పట్టక పోయాడు. తాగుడు వల్ల అన్నారు. పాతికేళ్లకే ఆయన తల ముగ్గుబుట్టట. కార్ఖానా షాపులో అందరూ "బుడ్డా" అని పిలిచేవాళ్లట. ఆ పేరు ఇంటికి కూడా అంటుకుని మా వరసలో ఆ క్వార్టరుకి "ముసలోళ్ల ఇల్లు" అనే పేరు స్థిరపడింది.

పెద్దవాడికి ఇరవై దాటగానే పిన్ని, అంటే వాళ్ల అమ్మ, వాణ్ణి చెవి పట్టుకుని మా వెనక గేటు దగ్గరకి తెచ్చింది.

"బాబూ, ఈడి బుర్ర సూడు. ఆళ్లయ్య బుర్ర ఇలాగే మొదలయినాది."

చూశాను. చెవుల పైన తెల్లగా పాకేసింది.

"ఇదేటి పిన్నీ, ఈ వయసుకి?"

"మా ఇంట అంతే. ముసలోళ్ల ఇంటికి పిల్లనెవుడిత్తాడు సెప్పు? నువ్వు నలుపు సెయ్యి. ఈ సంగతి నీకూ నాకూ మజ్జిన. పైడితల్లమ్మ మీద ఒట్టెయ్యి."

వేశాను. కొడుకుల చేత కూడా వేయించింది. మరి నాలుగేళ్లకి చిన్నోడి తల కూడా నా గిన్నె కిందకే వచ్చింది. ఆ అన్నదమ్ముల అసలు జుట్టు రంగు ఈ లోకంలో ఆ ఇంటివాళ్లకి, నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. నేను మరచిపోవాలనుకున్నది కూడా ఇదే.

తరువాత ఒక ఆదివారం క్రేన్ తమ్ముడి మెడ మీద ఒక మచ్చ కనిపించింది. మచ్చ అంటే ఒకటి కాదు, చేపల వల పరిచినట్టు సన్నటి నల్లటి గళ్లు. పిన్ని నా మీద విరుచుకుపడింది.

"నీ రంగు కారిపోనాది. సేతకాకపోతే సెప్పాల."

నాకు పౌరుషం వచ్చింది. నిమ్మచెక్కతో రుద్దాను, కిరసనాయిలుతో తుడిచాను, చివరికి ల్యాబ్ నుంచి స్పిరిట్ తెచ్చి పట్టించాను. వాడు "అన్నియ్యా, తోలు వూడొత్తంది" అని మొత్తుకున్నాడు. తోలు ఊడింది కాని మచ్చ ఊడలేదు. రంగు కంపెనీ మార్చాను. మచ్చ ఇంకా పెరిగింది. వాడు మెడకి ఎర్ర రుమాలు కట్టుకోవడం మొదలుపెట్టాడు. షాపులో వాళ్లు "క్యా హీరో, షూటింగ్ కహాఁ హై?" అని ఏడిపించేవాళ్లు.

గోళ్లు కూడా చారలు పడి చీలుతున్నాయి. క్రేన్ గ్రీజు వల్ల అనుకున్నాం. నోట్లో నాలిక పక్కన తెల్లటి పొర వచ్చింది. దాని కారణం మాత్రం ఎవరూ ఆలోచించనే లేదు. నమిలే పొగాకు, ఖైనీ, అని తేల్చేశారు.

"ఏటిరా నోట్లో తెల్లది? ఖైనీ ఏత్తన్నావా?"

"కసమ్ అమ్మా, ముట్టనేదు."

"ముట్టనోడి నోరు ఇలాగుంటాదేటి?"

పిన్ని రోజూ వాడి ప్యాంటు జేబులు తిరగేసేది. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడం వల్ల వాడు ఇంకా గట్టి దొంగ అయ్యాడు. నిజానికి వాడు వక్కపలుకు కూడా ఎరగడు.

ఇలా ప్రతిదానికీ మా దగ్గర ఒక జవాబు ఉండేది. ఆ రోజుల్లో మా వరసలో జవాబు లేనిది ఆ జామచెట్టు ఒక్కటే.

ఒకరోజు వాడు క్రేన్ మెట్లెక్కుతూ సగంలో కూలబడ్డాడు. రక్తం మా ల్యాబ్‌కే వచ్చింది. అప్పటికి కణాలు లెక్కపెట్టే యంత్రం వచ్చింది. అది కాగితం మీద అన్నిటికీ గుర్తులు కొట్టింది. ఎర్రకణాలు తక్కువ, తెల్లకణాలు తక్కువ, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు మరీ తక్కువ. ఉన్న ఎర్రకణాలు మామూలు కంటే పెద్దవి. యంత్రాన్ని నమ్మని మనిషి మా ల్యాబ్‌లో ఒకాయన ఉండేవాడు. బెంగాలీ పెద్దాయన, అందరికీ దాదా. ఆయన స్లైడు తీసి మైక్రోస్కోపులో చాలాసేపు చూసి, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు.

"బాజార్ ఖాలీ హై రే," అన్నాడు. "ఈ అబ్బాయి ఎముకల్లో రక్తం పుట్టించే మూలుగ దుకాణం మూసేస్తోంది."

అప్పుడే ఆసుపత్రికి రక్తం జబ్బుల డాక్టరమ్మ కొత్తగా వచ్చింది. కృష్ణా జిల్లా మనిషి. కళ్లజోడుకి గొలుసు, మాటకి గొలుసు లేదు. మూలుగ పరీక్ష చేయించి, తల్లినీ కొడుకులనీ తన గదిలో కూర్చోబెట్టింది. తెలుగువాణ్ణని, పొరుగువాణ్ణని నన్ను కూడా రమ్మంది.

"మెడ మీద ఇదేమిటమ్మా?"

"తువ్వాలు రాపిడండి," అంది పిన్ని.

"గోళ్లు?"

"గ్రీజండి."

"నోట్లో?"

"ఖైనీ డాట్టరమ్మా. సచ్చినా ఒప్పుకోడు."

"మీ ఇంట్లో జవాబులు ముందే వండి మూత పెట్టి ఉంచుతారా?" అంది డాక్టరమ్మ. "సరే, ఇది చెప్పండి. మీ ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో జుట్టు నెరిసిందా? ఇతనికి గాని, ఇతని తండ్రికి గాని?"

 క్రేన్ తమ్ముడు నేల చూశాడు. చిన్నోడు అమ్మ వంక చూశాడు. పిన్ని నా వంక చూసింది.

"మా ఇంట అలాటి రోగాల్లేవండి. కావాలంటే ఈ బాబునడగండి. పక్కిల్లే. సిన్నప్పట్నుంచీ సూత్తన్నాడు."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "నెరిసిందా?"

ఒట్టు గుర్తొచ్చిందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అదొక్కటే కాదు. అప్పటికి చిన్నోడికి నేనొక సంబంధం మాట్లాడుతున్నాను. పిల్ల మా ఆవిడ పెదనాన్న మనవరాలు, ఖరగ్‌పూర్. "తల నిండా జుట్టు, కాకి నలుపు" అని వాళ్లకి నేనే హామీ ఇచ్చాను. అంతకంటే పెద్ద సంగతి, ఆ క్షణంలో డాక్టరమ్మ నా తల వంక చూస్తున్నట్టు నాకనిపించింది.

"లేదు మేడమ్," అన్నాను.

ఆమె కాగితం మీద ఏదో కొట్టేసింది.

అంతటితో అయినా నాకు క్షమ ఉండేదేమో, తెలియక చెప్పానని. తెలిసే భాగ్యం కూడా కలిగింది. రెండు రోజుల తరువాత క్రేన్ తమ్ముడికి రక్తం ఎక్కిస్తుంటే నేను నమూనా తీయడానికి వార్డుకి వెళ్లాను. డాక్టరమ్మ అక్కడే ఉంది.

"మొన్న జుట్టు సంగతి ఎందుకు అడిగారు మేడమ్?" అన్నాను. దొంగకి దొంగతనం జరిగిన ఇంటి ముందు నుంచే నడవాలనిపిస్తుంది.

ఆమె మంచం అంచున చేరబడి చెప్పింది. ఒంట్లో ప్రతి కణంలోనూ వంశం రాత ఉన్న పోగులుంటాయి. ఆ పోగుల చివర్లు అరిగిపోకుండా తొడుగుల్లాంటి కొసలుంటాయి. టెలోమియర్లు అంటారు. కణం ఒకటి రెండయినప్పుడల్లా ఆ కొస కాస్త తరుగుతుంది. రోజూ కొత్త సరుకు తయారయ్యే చోట్ల, అంటే మూలుగలో, చర్మంలో, నోటి లోపలి పొరలో, పేగులో, జుట్టు కుదుళ్లలో, గోళ్ల మొదట్లో, ఆ తరుగుదలని మళ్లీ కొంత పూడ్చే ఏర్పాటు ఒంట్లోనే ఉంటుంది. కొన్ని ఇళ్లలో ఆ ఏర్పాటు పుట్టుకతోనే మందకొడి. కొసలు పొట్టివైపోతాయి. కొస అయిపోయిన కణం ఇక రెండుగా చీలదు. అందుకని ఎక్కువగా పుట్టి పోయే కణాలున్న చోటే ముందు కరువు వస్తుంది. జుట్టు తొందరగా నెరుస్తుంది, మెడ మీద వల లాంటి మచ్చ వస్తుంది, నోట్లో తెల్లపొర, గోళ్లకి చీలికలు, చివరికి రక్తం.

దాదా కూడా వెనకాలే వచ్చి నిలబడి ఉన్నాడు. "మా ల్యాబ్ స్టూలులాగా," అన్నాడు. "అందరూ కూర్చునే చోటే ముందు అరిగింది."

మంచం మీద నుంచి క్రేన్ తమ్ముడు మెల్లగా అన్నాడు. "మా క్రేన్‌కీ ఇనప తాడుంటాది మేడమ్. కొస సితికితే కొంత కోసేసి మళ్లీ బిగిత్తాం. అందుకే మొదలెడతన్నప్పుడే కొంత ఎక్కువ తాడు సుట్టి ఉంచుతారు. ఆ ఎక్కువది అయిపోతే ఇంక క్రేన్ నిలిపేయాల్సిందే."

"అదే. నీకు చుట్టి ఇచ్చిన తాడే తక్కువేమోనని నా అనుమానం," అంది ఆమె. "కాని మీ ఇంట్లో ఎవరికీ జుట్టు నెరవలేదు అంటున్నారు కదా. అప్పుడు ఇది మరో రకం."

వాడు నా వంక చూశాడు. నేను వాడి చేతిలోంచి రక్తం తీస్తున్నాను. సూది సరిగ్గా గుచ్చాను. అంతవరకే నా నిజాయితీ.

ఇద్దరం అప్పుడే చెప్పవలసింది. వాడికి తల్లి మీద భయం, ఒట్టు. నాకేముంది? ఖరగ్‌పూర్ చుట్టాలు.

మూలుగ మార్పిడి చెయ్యాలన్నారు. వెల్లూరు పంపడానికి ఏర్పాట్లు మొదలయ్యాయి. మూలుగ ఇవ్వడానికి చిన్నోడి రక్తం సరిపోయింది. అక్క నమూనా తీద్దామంటే పిన్ని అడ్డుపడింది. "ఆడపిల్లనెందుకు ఇందులో లాగడం? అత్తోరేటనుకుంతారు?" చిన్నోడు ఉన్నాడు కదా అని సరిపెట్టారు. వాడి పరీక్ష నేనే చేశాను. ప్లేట్‌లెట్లు కనీస గీతకి కొంచెం పైన, ఎర్రకణాలు కాస్త పెద్దవి. డాక్టరమ్మ కాగితం చూసి నన్నడిగింది.

"కణాలు పెద్దవేమిటి? తాగేవాళ్లకి ఇలా ఉంటుంది. ఈ కుర్రాడు తాగుతాడా?"

"తాగుతాడేమో మేడమ్."

చిన్నోడు కొబ్బరినీళ్లు తప్ప ఏమీ తాగి ఎరగడు. ఒక అబద్ధానికి తోడుగా వాణ్ణి తాగుబోతుని కూడా చేశాను.

"నాకింకా ఆ జుట్టు అనుమానం పోలేదు," అంది ఆమె. "ఇతనికి కూడా అదే లోపం ఉంటే ఇతని మూలుగ పెట్టి ప్రయోజనం లేదు, అన్నయ్య ప్రాణం పోతుంది. కాని తమ్ముడి తల చూడండి, ఎంత నలుపో. ఆ తల చూశాకే ధైర్యం వచ్చింది."

ఆ నలుపు నా చేతి పని. ఉద్యోగంలో నా పనిని ఒక డాక్టరు అంతగా మెచ్చుకోవడం అదొక్కసారే.

వెల్లూరు రైలు సోమవారం. పిన్ని ముందు రోజే, ఆదివారం, చిన్నోడికి తాంబూలాలు పెట్టుకుంది. "రక్తమిచ్చి వచ్చినోడంటే పిల్లోళ్లు నీరసమనుకుంతారు. ముందే అయిపోవాల." మధ్యాహ్నం ఖరగ్‌పూర్ వాళ్లు వస్తారు. పొద్దున్న మా పెరట్లో మేం ముగ్గురం వరసగా కూర్చున్నాం. క్రేన్ తమ్ముడికి ఒక స్టూలు, చిన్నోడికి ఒక స్టూలు, నాకు బోర్లించిన బకెట్టు. మెడల్లో మూడు హిందీ పేపర్లు. చిన్నోడి తల సగం అయింది, సగం తెల్లగా మిగిలి ఉంది. క్రేన్ తమ్ముడి తలకి ఇంకా మొదలుపెట్టలేదు. మధ్యలో నా మీసం గుర్తొచ్చి దానికి పట్టించేశాను, చుట్టాల ముందు నేను కూడా నిలబడాలి కదా. మీసానికి రంగు ఉన్నంతసేపూ నోరు తెరవకూడదు. తెరిస్తే నాలిక మీదకి దిగుతుంది, చేదు.

వెనక గేటు గొళ్లెం చప్పుడైంది. ఎవడో జామచెట్టు గిరాకీ అనుకున్నాను. తలెత్తితే డాక్టరమ్మ.

"ముందు వైపంతా కుర్చీలు వేసి ఉన్నాయి. వెనక నుంచి రమ్మన్నారుగా," అంటూ లోపలికి వచ్చి ఆగిపోయింది. చేతిలో వెల్లూరు కాగితాల కవరు.

మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. గిన్నె చూసింది. టూత్‌బ్రష్షు నా చేతిలోనే ఉంది. దగ్గరకి వచ్చి చిన్నోడి తల వంచి, తెల్ల సగాన్ని వేళ్లతో విడదీసి చూసింది. తరువాత క్రేన్ తమ్ముడి పేపరు పైకెత్తి మెడ చూసింది.

"ఇది రంగు మచ్చా?"

చిన్నోడు అన్నాడు. "కాదు మేడమ్. ఈ అన్నియ్య కిరసనాయిలు కూడా ఏసి సూసినాడు. పోనేదు."

"కిరసనాయిలా," అంది ఆమె, నా వంక చూస్తూ. "నెరిసిందా అని నేనడిగాను మిమ్మల్ని."

నేను నోరు తెరవలేదు. మీసం.

తమ వంటింట్లోంచి పిన్ని గరిటెతో సహా మా పెరట్లోకి వచ్చింది. దృశ్యం అర్థం కావడానికి ఆమెకి ఎక్కువసేపు పట్టలేదు.

"ఎవుడు పిలిసినాడు ఈయమ్మని?"

 చిన్నోడు నన్ను చూశాడు. డాక్టరమ్మ కూడా నన్నే చూస్తోంది, కోపంగానే అయినా. క్రేన్ తమ్ముడు మాత్రం తలెత్తి జామచెట్టు వంక చూస్తున్నాడు.

"నువ్వేనా? ఒట్టేసి, అన్నం తిని, ఇంత పని సేత్తావా?" అంది పిన్ని నాతో. కాదనడానికి నోరు తెరిచాను. రంగు నాలిక మీదకి దిగింది. మూసేశాను. నా మౌనం అంగీకారంగా నమోదైంది. ఆ తరువాత తిట్టిన తిట్లు మా వరసలో రెండు చివర్ల దాకా వినిపించాయి.

డాక్టరమ్మ ఆమె చేతిలోని గరిటె తీసుకుని పక్కన పెట్టి, బకెట్టు మీద నుంచి నన్ను లేపి తను కూర్చుంది.

"అమ్మా, రేపు ఈ చిన్నవాడి మూలుగ తీసి పెద్దవాడికి పెట్టి ఉంటే ఏమయ్యేదో తెలుసా? ముందు పెద్దవాడి సొంత మూలుగని మందులతో చంపేస్తారు. తరువాత పెట్టిన మూలుగ పట్టకపోతే వెనక్కి రాడు."

"ఈడి రగతం సరిపోయిందన్నారు గదా?"

"సరిపోయింది. కాని ఇద్దరికీ తండ్రి ఇచ్చిన తాడు ఒకటే. పొట్టిది."

పిన్ని అర్థం కాక పెద్దకొడుకు వంక చూసింది. వాడు పెరటి దండెం తాడు చూపించాడు. "పాత తాడు తెగిపోతే, అలాటి పాత తాడే తెచ్చి ముడేత్తావేటమ్మా?"

పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. అంతసేపు తిట్టిన మనిషి ఏడుస్తుంటే అసలు శబ్దం రాలేదు.

ఖరగ్‌పూర్ వాళ్లు మధ్యాహ్నం వచ్చారు. పెళ్లికొడుకు తల ఎడమవైపు కాకి, కుడివైపు కొంగ. పిల్ల తండ్రి మర్యాదస్తుడు. భోజనం చేసి, అరిటిపండు తిని, తాంబూలం పళ్లెం మాత్రం ముట్టుకోకుండా వెళ్లిపోయాడు. మా ఆవిడ పుట్టింటివాళ్లు తరువాత చాలా ఏళ్లు మాతో మాట్లాడలేదు. మా ఆవిడ కూడా కొన్నాళ్లు వాళ్లతో కలిసింది.

రూర్కెలా నుంచి అక్క వచ్చింది. నిలువెత్తు నల్లటి జడ. డాక్టరమ్మ ఇక ఎవరినీ నమ్మే స్థితిలో లేదు. స్పిరిట్ దూదితో పాపిడి దగ్గర గట్టిగా తుడిచింది. దూది తెల్లగానే ఉంది.

"నాది దేవుడిచ్చిన నలుపే డాక్టరమ్మా. నాకొక్కదానికే నెరవలేదని నాను రంగేత్తన్నానని మా అమ్మే అనుమానపడేది," అంది అక్క.

అందరి రక్తాలూ విదేశంలో ఏదో ల్యాబ్‌కి వెళ్లాయి. అన్నదమ్ములిద్దరి కొసలూ పొట్టివే. అక్కవి నిండుగా ఉన్నాయి. ఆమె మూలుగే సరిపోయింది. వెల్లూరులో ఆమెదే పెట్టారు. చాలా నెలల తరువాత క్రేన్ తమ్ముడు బోడిగుండుతో, ముఖానికి గుడ్డతో, నడుచుకుంటూ రైలు దిగాడు.

"ఇంక అక్క మీద అరవలేను అన్నియ్యా," అన్నాడు. "ఒంట్లో అదే తిరగతంది."

డాక్టరమ్మ మాత్రం హెచ్చరించింది, రక్తం ఒక్కటే అక్కది, మిగతా ఒళ్లంతా నాన్నదేనని. నోరు, ఊపిరితిత్తులు, కాలేయం ఏటా చూపించుకోవాలి, పొగ దరిచేరకూడదు. చిన్నోడికి కూడా అంతే. చిన్నోడు మళ్లీ రంగు వేసుకోలేదు. తెల్లతలతోనే, ఉన్న సంగతి ముందే చెప్పి, డాక్టరమ్మ దగ్గర ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నాక ఒక అమ్మాయిని చేసుకున్నాడు.

వాళ్లు వెల్లూరు నుంచి వచ్చిన వారంలోనే పిన్ని మా ముందు గేటు నుంచి వచ్చింది. చేతిలో పళ్లెం, పళ్లెంలో కొత్త చొక్కా.

"నోటికొచ్చినట్టు తిట్టినాను నాయినా. నువ్వు ఆయమ్మని పిలవబట్టి నా బిడ్డ దక్కినాడు."

ఈసారి మీసానికి రంగు లేదు. నోరు తెరవొచ్చు. చొక్కా చేయి సరిపోతుందో లేదో చూసుకున్నాను.

ల్యాబ్‌లో దాదా ఒక్కడే నమ్మలేదు. "నువ్వు పిలిచావా?" అని ఒకసారి అడిగాడు. "ఏం, పిలవనా?" అన్నాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని నన్ను కాసేపు స్లైడులా చూసి, మళ్లీ పనిలో పడ్డాడు.

పిన్ని పోయిన సంవత్సరం పోయింది. పన్నెండో రోజున వచ్చినవాళ్లందరికీ క్రేన్ తమ్ముడి అక్క ఈ కథ మళ్లీ చెప్పింది, నన్ను మధ్యలో కూర్చోబెట్టి. ఒకావిడ తన మనవడిని తెచ్చి నా కాళ్లకి దండం పెట్టించింది. ఆ రోజు తిన్న గారె ఇప్పటికీ అరగలేదు.

మరుసటి వారం ఊరి శివార్లలోని గోవింద్‌పూర్ వెళ్లాను. క్రేన్ తమ్ముడు ఇప్పుడు అక్కడే ఉంటున్నాడు. తల వెండిగిన్నెలా ఉంది. నాకంటే చిన్నవాడు, నా తల నల్లగా ఉంది. ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్ నన్ను చూపించి "మీ తమ్ముడా?" అని వాణ్ణి అడిగాడు.

అతను వెళ్లాక చెప్పేశాను. "తమ్ముడూ, ఆ రోజు మేడమ్‌ని నాను పిలవలేదు."

"తెలుసు అన్నియ్యా."

"తెలుసా? ఎలాగ?"

"నానే పిలిసినాను గదా."

నేను కుర్చీలో సర్దుకున్నాను.

"జుట్టు గురించి నోరిప్పనని అమ్మకి ఒట్టేసినాను. నోరిప్పనేదు. ఆదివారం పొద్దున్న పక్కింటి అన్నియ్య ఇంటికాడ పనుంది, కాయితాలు అక్కడికే తెండి, వెనక గేటు నుంచి రండి అన్నాను. గొళ్లెం నానే తీసి ఉంచినాను."

"మరి అమ్మ నన్ను తిడతంటే ఊరుకున్నావేటి?"

"అప్పుడు నాకు తిట్లు తినే బలం లేదు. నువ్వు పుష్టిగా ఉన్నావు." నవ్వాడు. "తరవాత పొగిడింది. అదీ నీకే ఉండనీ అనుకున్నాను. చొక్కా కూడా నీ సైజే."

నేను ఇన్నేళ్లు మోసిన దొంగసరుకు, సొంతదారు ముందే తెలిసి ఇచ్చిందన్నమాట. తేలికపడాలి. పడలేదు. పిలవలేదన్నది చిన్న తప్పు. అసలుది దానికి ముందుది. "లేదు మేడమ్" అన్నది. అది నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనే చేశాను. ఆ గొళ్లెం వాడు తీసి ఉండకపోతే సోమవారం రైలెక్కేవాడు.

"సెమించు అంటాను తమ్ముడూ," అని మొదలుపెట్టాను.

వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు. రంగేసుకున్న తల్తో అబద్దమాడినావు. అదే తల్తో సారీ సెప్తే నానెలా లెక్కెయ్యాల? ఛోడో, ఇప్పుడొద్దు. తెల్లబడి రా."

వెక్కిరింతకే అన్నాడు. నాకు మాత్రం అది న్యాయంగానే తోచింది. ఇంటికి వచ్చి గిన్నె, బ్రష్షు పారేశాను. మా ఆవిడ "ఇప్పుడేటి ఈ ఏశం?" అంది. కొన్ని నెలలు నా తల చూడటానికి చుట్టుపక్కలవాళ్లు వచ్చిపోయారు. కొసలు నలుపు, మొదళ్లు తెలుపు, మధ్యలో ఇటుక రంగు. చివరికి క్షవరశాలలో నలుపంతా కత్తిరించేశాక, అద్దంలో మా నాన్న కనిపించాడు.

మళ్లీ గోవింద్‌పూర్ వెళ్లాను. వాడు తలుపు తీసి, నన్ను పోల్చుకోవడానికి కాసేపు తీసుకుని, పక్కకి జరిగాడు. నేను కూర్చోలేదు.

"ఆ రోజు మేడమ్ అడిగినప్పుడు 'నెరిసింది' అని నాను సెప్పాల. నాకు తెలుసు. నా సేతుల్తో నానే కప్పినాను. తప్పు సేసినాను తమ్ముడూ. నన్ను సెమించు."